బాపట్లకు వచ్చినవారు చూడవలసింది సముద్రమొక్కటేనా?

బాపట్ల పేరు చెప్పగానే చుట్టుపక్కల పల్లెల్లో ఎవరికైనా రెండు సంగతులు గుర్తుకు వస్తాయి. ఒకటి చదువులు. రెండవది సూర్యలంక సముద్రం. ప్రతి ఏడాదీ కళాశాలలు తెరిచే రోజుల్లో ఏ బస్సులో చూసినా ట్రంకు పెట్టె, పరుపుచుట్ట, పక్కన తండ్రి, వెనుక పిల్లవాడు. ఫీజు కట్టి, హాస్టల్లో గది చూపించి, కొడుకు చేతిలో నాలుగు నోట్లు పెట్టి ఆ తండ్రి సాయంత్రం బస్సుకే తిరిగిపోతాడు. పిల్లవాడు నాలుగేళ్లు చదువుతాడు. ఆదివారం వస్తే సూర్యలంక, పండుగ వస్తే ఇల్లు. నాలుగేళ్లు గడిచి పట్టా చేతికి వచ్చాక బాపట్లలో ఏమి చూశావని అడిగితే సముద్రం తప్ప మరొక మాట చెప్పలేడు. ఫీజు కట్టి వెళ్లిన తండ్రికి అదీ తెలియదు.

2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా కేంద్రమైంది. కార్యాలయాలు వచ్చాయి, అధికారులు వచ్చారు, పనుల మీద వచ్చిపోయే పల్లె జనం పెరిగారు. ఇటువంటి సమయంలో ఈ ఊరికి, దీని చుట్టూ ఉన్న పాతిక ముప్పయి మైళ్ల ప్రాంతానికి ఉన్న విలువ ఏమిటో జిల్లా ప్రజలు తెలుసుకోవాలి. తెలియజేయవలసిన వారు తెలియజేయాలి. ఇది కేవలం కాలక్షేపానికి సంబంధించిన విషయం కాదు. ఇందులో పిల్లల ప్రాణాలున్నాయి, రైతుల లాభముంది, శిథిలమైపోతున్న సంపద ఉంది.

సూర్యలంక: అందమూ, ఆపదా

ముందుగా అందరికీ తెలిసిన సముద్రం సంగతి. పట్టణానికి తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఉన్న సూర్యలంక తీరం కోస్తాలో చెప్పుకోదగినది. విశాలమైన ఇసుక, పక్కనే సరుగుడు తోటలు. కార్తీకమాసంలో వనభోజనాలకు, పౌర్ణమి స్నానాలకు గుంటూరు, నరసరావుపేటల నుంచే కాక హైదరాబాదు నుంచి కూడా జనం వస్తారు. శీతకాలంలో ఈ తీరానికి ఆలివ్ రిడ్లే జాతి సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. రాత్రిపూట ఒడ్డెక్కి, ఇసుకలో గుంట తవ్వి, గుడ్లు పెట్టి, తిరిగి నీళ్లలోకి పోతాయి. వాటిని చూసే అదృష్టం కలిగినవారు దూరంగా నిలబడి చూడాలే కాని దీపాలు వేయడం, దగ్గరకు పోవడం తగదు.

ఈ అందమైన తీరం నుంచే ఏళ్ల తరబడి విషాద వార్తలు కూడా వస్తున్నాయి. మునిగిపోయేవారిలో ఎక్కువమంది విద్యార్థులు, యువకులు. మెట్ట ప్రాంతాల నుంచి చదువుకోవడానికి వచ్చి, సముద్రాన్ని మొదటిసారి చూసినవారు. ఊరి చెరువులో, సాగర్ కాలువలో ఈత వచ్చినంత మాత్రాన సముద్రంలో ఈత వచ్చినట్టు కాదు. ఈ తేడా వారికి ముందుగా చెప్పేవారు లేరు.

సముద్రం మనిషిని లాగే విధానం తెలిస్తే సగం ఆపద తప్పుతుంది. అలలు ఒడ్డుకు తెచ్చిన నీరు మళ్లీ వెనక్కు పోవాలి కదా. నీటి అడుగున ఇసుక తిన్నెల మధ్య ఎక్కడ పల్లం దొరికితే అక్కడ ఆ నీరంతా ఒక్కటై కాలువలాగా లోనికి పరుగెత్తుతుంది. పైకి చూస్తే ఆ చోట అలలు తక్కువగా, నీరు నిమ్మళంగా కనపడుతుంది. కొత్తవాడు అదే మంచి చోటనుకుని దిగుతాడు. కాళ్ల కింద ఇసుక జారుతుంది, ఒడ్డు దూరమవుతుంది. భయపడి ఒడ్డు వైపు ఎదురీదడం మొదలుపెడతాడు. ఎంత బలవంతుడైనా ఆ ప్రవాహానికి ఎదురీది గెలవలేడు. అలసిపోయి మునుగుతాడు. అటువంటప్పుడు చేయవలసింది ఎదురీదడం కాదు. ప్రవాహం వెడల్పు ఎక్కువ ఉండదు గనుక ఒడ్డు వెంబడే పక్కకు ఈది ఆ లాగుడు నుంచి బయటపడి, తరువాత ఒడ్డుకు రావాలి. ఈత రానివాడు తేలి ఉండడానికి ప్రయత్నించి చెయ్యెత్తి పిలవాలి. స్నేహితుణ్ణి కాపాడాలని ఒకరి వెనుక ఒకరు దూకడం వల్లనే ఒకరు పోవలసిన చోట ముగ్గురు, నలుగురు పోతున్నారు. తాడు విసరాలి, తేలే వస్తువు ఏదైనా అందించాలి, బెస్తవారిని కేకవేయాలి.

పోలీసులు ఉన్నారు, గజ ఈతగాళ్లను పెడుతున్నారు. కాదనవలసింది లేదు. అయితే సెలవు రోజున మైళ్ల పొడవునా విస్తరించే జనానికి ఆ కొద్దిమంది చాలరు. తీరంలో పుట్టి పెరిగిన మత్స్యకార యువకులకు నీటి పోకడ ఏ పుస్తకమూ చెప్పనంతగా తెలుసు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉండే 61 రోజుల్లో మరపడవల వారికి పని ఉండదు. ఎండాకాలపు సెలవులు, సముద్రానికి వచ్చే రద్దీ కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే. వారికి తర్ఫీదు ఇచ్చి, జీతమిచ్చి తీరం కాపలాకు పెడితే ఇటు ప్రాణాలు నిలబడతాయి, అటు ఆ కుటుంబాలకు నాలుగు రూపాయలు వస్తాయి. స్నానానికి ఎక్కడి వరకు దిగవచ్చో జెండాలు పాతి చూపాలి. ఆడవారికి బట్టలు మార్చుకునే గదులు, తాగే నీరు సరిపడా ఉండాలి. అన్నిటికంటే ముందు, ప్రతి కళాశాలలోనూ కొత్త విద్యార్థులు చేరిన మొదటి వారంలోనే ఒక మత్స్యకారుణ్ణి పిలిపించి సముద్రం గురించి గంటసేపు చెప్పించాలి. దీనికి ప్రభుత్వ ఉత్తర్వు అక్కరలేదు, ఖర్చు అంతకంటే లేదు.

రైతు చూడవలసిన చోటు

సూర్యలంకకు పోయేవారిలో నూటికి ఒకరు కూడా దారిలోని వ్యవసాయ కళాశాల వైపు తల తిప్పరు. 1945లో ఈ కళాశాల పెట్టేనాటికి మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం. అంతకు ముందు తెలుగు పిల్లలు వ్యవసాయ పట్టా కావాలంటే కోయంబత్తూరు దాకా పోవలసి వచ్చేది. ఆంధ్రదేశంలో మొదటి వ్యవసాయ కళాశాల ఇదే. నేడు ఇది ఆచార్య ఎన్.జి. రంగా పేరు పెట్టిన విశ్వవిద్యాలయం కింద నడుస్తున్నది. ఆ రంగాగారు 1900లో పుట్టినది కూడా బాపట్లకు దగ్గరలోని నిడుబ్రోలులోనే.

బాపట్ల పరిశోధన క్షేత్రం నుంచి 1986లో వచ్చిన ఒక వరి వంగడం పేరు తెలియని రైతు నేడు లేడు. అదే బి.పి.టి. 5204, సాంబ మసూరి. ఆ మూడు అక్షరాలు బాపట్ల పేరుకు గుర్తు. రాష్ట్రం దాటి కర్ణాటకలో, తమిళనాడులో, ఇంకా ఉత్తరాదిన కూడా రైతులు దీనిని వేశారు. వ్యాపారులు రకరకాల పేర్లు పెట్టి అమ్మే సన్నబియ్యంలో చాలాభాగం ఈ వంగడమే. తెగుళ్లకు లొంగుతుందన్న ఒక్క లోపం దీనికి ఉన్నది. అది రైతుకు బాగా తెలుసు. హైదరాబాదులోని శాస్త్రజ్ఞులు ఆకుఎండు తెగులును తట్టుకునే గుణాన్ని దీనికే చేర్చి, మెరుగుపరచిన సాంబ మసూరిని 2008లో విడుదల చేశారు. ఏ సుగుణం లేకపోతే ఇరవై ఏళ్ల తరువాత కూడా దీనినే పట్టుకుని బాగుచేస్తారు?

తీరప్రాంతపు రైతులకు మరీ ముఖ్యమైనది దొరువు. ఇసుక నేలలో వాన నీరు దిగి, అడుగునున్న ఉప్పునీటి మీద తేలుతూ నిలుస్తుంది. తీపినీరు తేలిక, ఉప్పునీరు బరువు. లోతుగా బోరు వేసి గట్టిగా తోడితే పైనున్న తీపినీరు అయిపోయి కింది ఉప్పునీరు పైకి వస్తుంది. పొలం చెడుతుంది. మన పెద్దలు ఈ రహస్యం తెలిసే లోతు తక్కువ దొరువులు తవ్వి కడవలతో పోసుకున్నారు. బాపట్లలోని ఉప్పునీటి పరిశోధన విభాగం ఈ పాత పద్ధతినే తీసుకుని మెరుగుపరచింది. ఇసుకలో తక్కువ లోతున చిల్లుల గొట్టాలు అడ్డంగా పరచి, నీరు నాలుగు వైపుల నుంచీ మెల్లగా నడిమి బావిలోకి చేరేట్టు చేశారు. తోడేది పైపైన ఉన్న తీపినీరే గనుక ఉప్పు పైకి రాదు. ఆకుకూరలు, పూలు, వేరుసెనగ వేసే ఇసుక భూముల వారికి ఇది కళ్లతో చూసి నేర్చుకోవలసిన పని. ఇక్కడి జీడిమామిడి పరిశోధన స్థానం బి.పి.పి. 8 వంటి రకాలను ఇచ్చింది. అందులోని మొదటి అక్షరమూ బాపట్లదే.

కొడుకు ఏ కళాశాలలో చేరినా తండ్రి రైతే. ఆయన ఫీజు కట్టడానికి వచ్చిన రోజున ఈ క్షేత్రం చూసిపోతే రెండు పనులు కలిసివస్తాయి. నెలలో ఒక నిర్ణీత దినాన వచ్చిన రైతులందరికీ మళ్లు, దొరువులు, తోటలు చూపించే ఏర్పాటు చేయాలని విశ్వవిద్యాలయం వారు ఆలోచించాలి. ఫలానా నెల మొదటి శనివారం అని తేదీ స్థిరంగా ఉంటే పల్లెల వారు గుర్తుపెట్టుకుని వస్తారు. వంగడం కనిపెట్టిన చోటుకు ఆ వంగడం పండించే రైతు రాగలగాలి.

ఊళ్లోనే ఉన్న చరిత్ర

బాపట్ల పేరే భావనారాయణస్వామి పేరు మీద వచ్చింది. సర్పవరం, పట్టిసీమ, భావదేవరపల్లి, పొన్నూరు, బాపట్ల కలిపి పంచ భావనారాయణ క్షేత్రాలంటారు. ఇక్కడి స్వామిని క్షీర భావనారాయణుడంటారు. ఈ ఆలయంలో పన్నెండవ శతాబ్దపు శాసనాలున్నాయి. అఖండదీపానికి నెయ్యి కోసం గొర్రెల మందలను దానమిచ్చిన సామాన్యుల పేర్లు కూడా అటువంటి రాళ్లమీద కనపడతాయి. రాజుల పేర్లే చరిత్ర అనుకునేవారు ఒకసారి ఈ రాళ్ల దగ్గర నిలబడాలి.

2011 అక్టోబరులో ఈ ఆలయపు గాలిగోపురం కూలిపోయింది. అంతకు ఏడాది ముందే, 2010 మే నెలలో, శ్రీకాళహస్తి రాజగోపురం కూలిన సంగతి రాష్ట్రమంతటికీ తెలుసు. పాత కట్టడానికి పగుళ్లు వచ్చినప్పుడు, రాళ్ల సందుల్లో రావిమొక్కలు మొలిచినప్పుడు చూసి పీకించేవారుంటే ఖర్చు వందల్లో పోతుంది. కూలాక కట్టాలంటే కోట్లు కావాలి, ఆ పాతదనం మాత్రం కోట్లిచ్చినా రాదు. జిల్లాలోని ప్రతి పాత ఆలయానికీ వర్షాలకు ముందొకసారి, తరువాత ఒకసారి తనిఖీ జరగాలి. శాసనాల మీద సున్నం, రంగులు వేయడం మానాలి. ఈ మాట దేవాదాయ శాఖకు ఎంత వర్తిస్తుందో, ఉత్సవానికి ఉత్సాహంగా రంగులు కొని తెచ్చే గ్రామపెద్దలకూ అంతే వర్తిస్తుంది.

మరొక సంగతి. తెలుగువారికి ప్రత్యేక రాష్ట్రం కావాలన్న కోరిక మీద ప్రథమాంధ్ర మహాసభ జరిగింది బాపట్లలోనే. 1913 మే నెలలో బయ్యా నరసింహేశ్వర శర్మగారి అధ్యక్షతన ఆ సభ నడిచింది. 40 ఏళ్ల తరువాత, 1953 అక్టోబరు 1న, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఇంత పెద్ద విషయం జరిగిన ఊళ్లో చదువుకుంటున్నామన్న సంగతి ఇంజనీరింగు పిల్లలలో ఎందరికి తెలుసునో అధ్యాపకులే ఒకసారి అడిగి చూడాలి.

చీరాల దారిలో

బాపట్ల నుంచి రైలెక్కితే కొద్దిసేపటికి చీరాల. చీరాల అనగానే నేత. నూనెలో నానబెట్టిన నూలుతో నేసే తేలియా రుమాళ్లు ఇక్కడి నుంచి సముద్రాలు దాటి అరబ్బు దేశాలకు పోయాయి. ఆ చీరాల, పక్కనున్న పేరాల కలిపి పురపాలక సంఘం చేసి, పన్నులు పెంచినప్పుడు 1921లో జనం దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వాన ఇళ్లూ వాకిళ్లూ వదిలి, ఊరి బయట రామనగరమనే పేరుతో పాకలు వేసుకుని దాదాపు పదకొండు నెలలు కాపురమున్నారు. పన్ను కట్టమన్నందుకు ఊరే ఖాళీ చేసిన జనమున్న దేశమిది.

ఇంకాస్త ముందుకు పోతే వేటపాలెం. ఇక్కడి సారస్వత నికేతనం గ్రంథాలయం 1918లో మొదలైంది. దీని భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్ర కూడా ఇక్కడ భద్రంగా ఉన్నది. వేల పుస్తకాలు, తాళపత్రాలు, వందేళ్లనాటి పత్రికల సంచికలు ఉన్న ఈ గ్రంథాలయానికి దూరదేశాల నుంచి పరిశోధకులు వచ్చి నోట్సు రాసుకుపోతారు. ఇరవై కిలోమీటర్ల దూరాన చదువుకునే పిల్లలు మాత్రం దీని గడప తొక్కరు. పాత కాగితం పురుగుకు, తేమకు త్వరగా లొంగుతుంది. తీరప్రాంతపు గాలిలో తేమ మరీ ఎక్కువ. చూసేవారు, చదివేవారు ఉంటేనే దాతలకు, ప్రభుత్వానికి దీనిమీద శ్రద్ధ కలుగుతుంది. బాపట్ల, చీరాల కళాశాలలు ప్రతి విద్యార్థినీ కనీసం ఒక్కసారి ఇక్కడికి తీసుకురావాలి. పాత పత్రికలను ఫొటోలు తీసి కంప్యూటరులో భద్రపరచే పనిలో ఇంజనీరింగు విద్యార్థులు చెయ్యి వేస్తే వారికి విద్య, గ్రంథాలయానికి ఆయుష్షు.

అక్కడి నుంచి మోటుపల్లి. నేడు చిన్న పల్లె. ఏడు వందల ఏళ్ల క్రితం దేశదేశాల ఓడలు వచ్చిన రేవు. తుపానుకు ఓడ చెడి సరుకు ఒడ్డుకు కొట్టుకువస్తే దాన్ని రాజులు స్వాధీనం చేసుకోవడం ఆ రోజుల్లో వాడుక. కాకతీయ గణపతిదేవుడు 1244-45 ప్రాంతంలో ఆ వాడుకను మాన్పించి, వర్తకుల సొమ్ము వర్తకులదేనని, సుంకం ముప్పయ్యో వంతు మించదని మోటుపల్లిలో రాతిమీద చెక్కించాడు. దానినే అభయశాసనమంటారు. ఆ శతాబ్దం చివర మార్కోపోలో ఈ రేవును గురించి, ఇక్కడి సన్నని బట్టలను గురించి రాశాడు. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి మళ్లీ ఇటువంటి అభయమే ఇచ్చాడు. పాలించేవాడు మాట ఇచ్చి, దాన్ని అందరూ చదివేట్టు రాతిమీద పెట్టడమంటే ఏమిటో చూడాలనుకునేవారు మోటుపల్లి పోవాలి.

తూర్పు వైపు పల్లెలు

బాపట్లకు తూర్పుగా పోతే చందోలు. వెలనాటి చోడుల రాజధాని ధనదప్రోలు ఇదే. బండ్లమ్మ తల్లి తిరునాళ్లకు పోయేవారిలో చాలామందికి తాము ఒక పాత రాజధానిలో నడుస్తున్నామని తెలియదు. సముద్రం వైపు తిరిగితే నిజాంపట్నం, మడ అడవులు. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వారి గ్లోబ్ అనే ఓడ ఈ రేవుకు వచ్చింది. ఉప్పెన వచ్చినప్పుడు మడ అడవి అలల జోరును ఎంతో కొంత విరుస్తుంది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన చూసిన పెద్దలు ఈ జిల్లాలో ఇంకా ఉన్నారు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరనే తీరం దాటింది. కనుక మడచెట్టును వంటచెరకుగా చూడరాదని పిల్లలకు చెప్పడానికి నిజాంపట్నం మంచి బడి.

భట్టిప్రోలు సంగతి చెప్పాలంటే కొంత బాధ కలుగుతుంది. క్రీస్తుకు పూర్వపు బౌద్ధస్తూపమిది. పందొమ్మిదవ శతాబ్దంలో కాలువ పనులకు, రోడ్డుకు దీని ఇటుకలు, పాలరాళ్లు తరలిపోయాయి. మిగిలినదానిని 1892లో అలెగ్జాండర్ రే తవ్వించగా అక్షరాలున్న ధాతుపేటికలు బయటపడ్డాయి. మన తెలుగు లిపి పుట్టుపూర్వోత్తరాలు చెప్పే పండితులంతా ఆ అక్షరాలను తలవకుండా ఉండరు. పేటికలు మద్రాసు మ్యూజియంకు చేరాయి. ఇక్కడి బుద్ధధాతువు 1920లో కలకత్తాలోని మహాబోధి సొసైటీ విహారంలో ప్రతిష్ఠ అయింది. ఊరివారికి దిబ్బ మిగిలింది. దిబ్బలో చూడడానికేముంది అనేవారికి ఒకటే జవాబు. ఒకటవ తరగతి పిల్లవాడు నేడు పలకమీద దిద్దే అక్షరానికి పాత రూపం ఈ దిబ్బలో దొరికింది. ఆ పేటికల నమూనాలు, ఆ అక్షరాలు, వాటి పక్కన నేటి తెలుగు అక్షరాలు పెద్ద పలకమీద చెక్కించి స్తూపం దగ్గర నిలిపితే పల్లె బడిపిల్లలు తమంత తామే చదువుకుంటారు.

బాపట్ల, గుంటూరు రోడ్డులో ఏడవమైలు దగ్గర దిగి పోతే జిల్లెళ్లమూడి. అక్కడి అమ్మ, మాతృశ్రీ అనసూయాదేవి, 1985లో దేహం చాలించారు. 1958లో ఆమె ప్రారంభించిన అన్నపూర్ణాలయంలో కులమతాలు అడగకుండా వచ్చినవారికి అన్నం పెట్టడం ఆచారం. భక్తి ఉన్నవారూ లేనివారూ కూడా ఆ పంక్తిలో కూర్చుని చూడదగినది. అదే దారిలో పొన్నూరు. సాక్షి భావనారాయణుడు, సహస్రలింగేశ్వరుడు, భారీ ఆంజనేయ, గరుత్మంతుల విగ్రహాలు అక్కడ ఉన్నాయి.

కావలసింది ఏమిటి?

ఇవన్నీ చూడడం ఎందుకు కుదరడం లేదు? చదువుకోవడానికి పంపితే తిరుగుళ్లా అని తల్లిదండ్రులు అంటారు. పిల్లలు ఎలాగూ తిరుగుతూనే ఉన్నారు, అదీ ఒక్క సముద్రానికే. మరో నాలుగు మంచి చోట్లు చూపకపోవడం వల్ల ఆదివారం వచ్చేసరికి గుంపులన్నీ అలల వైపే పోతున్నాయి. తిరుగుడు మాన్పించలేనప్పుడు దారి మార్చడం మేలు.

ఖర్చు అనేది రెండవ అభ్యంతరం. ఒక్కొక్క చోటుకు విడిగా పోవాలంటే ఖర్చూ, శ్రమా నిజమే. రెండు బస్సులు మారాలి, చివరన ఆటో మాట్లాడుకోవాలి. దీనికి మార్గమున్నది. ఆదివారాలు, సెలవు రోజుల్లో ఆర్.టి.సి. వారు బాపట్ల బస్‌స్టాండు నుంచి మూడు చుట్టు సర్వీసులు నడిపి చూడాలి. ఒకటి చీరాల, వేటపాలెం, మోటుపల్లి. రెండవది చందోలు, నిజాంపట్నం, భట్టిప్రోలు. మూడవది ఊళ్లోని ఆలయం, వ్యవసాయ కళాశాల, జిల్లెళ్లమూడి, పొన్నూరు. ఉదయం బయలుదేరి చీకటిపడకముందే తిరిగిరావాలి. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు వంటి బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం ఇచ్చారు. ఈ సర్వీసులను కూడా అందులో చేరిస్తే పొలం పనులు లేని రోజుల్లో పల్లె ఆడవారు, డ్వాక్రా సంఘాల వారు కలిసి చూసివస్తారు. మొదట కార్తీకం నుంచి సంక్రాంతి దాకా నడిపి, జనం వస్తే కొనసాగించవచ్చు, రాకపోతే ఆపవచ్చు.

ప్రతి చోటా పెద్ద తెలుగు అక్షరాలతో ఒక పలక ఉండాలి. అది ఎవరు కట్టారు, ఎప్పుడు కట్టారు, దాని వల్ల మనకేమిటి అన్నవి పది పంక్తుల్లో, ఏడవ తరగతి చదివినవారికి అర్థమయ్యేట్టు ఉండాలి. ప్రారంభించినవారి పేరు పలకమీద పెద్దదిగా, చరిత్ర చిన్నదిగా ఉండకూడదు.

ఇక పల్లెవారి వంతు. మోటుపల్లి, భట్టిప్రోలు, చందోలు ప్రజలే తమ ఊరి సంపదకు మొదటి కాపలాదారులు. శాసనపు రాయి మీద బట్టలు ఉతకడం, దిబ్బ మట్టిని ఇంటి పునాదికి తోలడం, గుడి గోడకు పోస్టర్లు అంటించడం ఎక్కడ జరిగినా ఆపవలసింది ఆ ఊరివారే. చూడడానికి వచ్చినవారికి మంచినీళ్లిచ్చి, నాలుగు మాటలు చెప్పగల కుర్రవాళ్లు ఇద్దరు ప్రతి ఊళ్లోనూ తయారైతే వారికీ కొంత ఆదాయం. వచ్చేవారు కూడా తిన్న ఆకులు, ప్లాస్టిక్ సీసాలు అక్కడే వదిలిపోవడం మానాలి.

జిల్లా యంత్రాంగం, కళాశాలల యాజమాన్యాలు, ఆర్.టి.సి. అధికారులు ఒకచోట కూర్చుంటే వీటిలో చాలా పనులు ఒక్క ఏడాదిలో మొదలుపెట్టవచ్చు. అందులోనూ సూర్యలంక కాపలా, కొత్త విద్యార్థులకు సముద్రం గురించి హెచ్చరిక అనే రెండూ ఆలస్యానికి ఆగేవి కావు. వచ్చే కార్తీకమాసపు రద్దీకి ముందే ఈ రెండింటినీ అమలు జరపాలి. పల్లెల నుంచి కడుపు కట్టుకుని పిల్లలను బాపట్లకు పంపిన తల్లిదండ్రులు ఆ మాత్రం అడగడానికి హక్కున్నవారే.